డ్రైవరుగారి నిద్ర

డ్రైవరు సన్నబడ్డాడు. మెషీను ఆ సంగతి ఒప్పుకోలేదు.

రాత్రంతా బస్సు నడిపి పొద్దున్నే ఇంటికొస్తాడు. స్నానం చేసి, కిటికీకి పాత దుప్పటి అడ్డంగా కట్టి, నిద్రలో గాలి ఊదే మెషీను మాస్కు ముఖానికి తగిలించుకుని పడుకుంటాడు. అరగంట గడవకముందే గదిలోంచి చప్పుడు మొదలవుతుంది. ముందు సైకిలు ట్యూబుకి మేకు దిగినట్టు సుయ్యిమని, తర్వాత పెదాలు టపటపా కొట్టుకుంటూ, ఆ తర్వాత ఒక పెద్ద త్రేన్పు. రాత్రి భోజనం మానేసి నెలలైన మనిషి ఉత్త గాలి మింగి విందారగించినవాడిలా త్రేన్చడం వింటే నవ్వొస్తుంది. నవ్వితే మాత్రం ఆ ఇంట్లో కొంప మునుగుతుంది.

ఆ రోజూ అంతే. "ఛీ, దీని దుంప తెగ!" అంటూ మాస్కు ఊడబీకి మంచం మీదికి విసిరికొట్టాడు.

వంటింట్లో గిన్నెలు తోముతున్న భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడ పనిచేసే లాండ్రీలో అందరూ ఆవిణ్ణి కునుకమ్మ అంటారు. ఇంట్లో అత్తగారు అనే మాటలతో పోలిస్తే అది చాలా మర్యాదైన పేరు.

"మళ్లీ ఊడిందా?"

"ఊడక చస్తుందా? లావుగా ఉన్నప్పుడు పెట్టిన గాలి ఇది. పద్నాలుగు మీద పెట్టాడు ఆ మెషీను బిగించినాయన. అప్పుడు గొంతు పూడుకుపోయి ఉండేది, అంత గాలి కావలసొచ్చింది. ఇప్పుడెందుకు? తుఫానులో తల బయటపెట్టి పడుకున్నట్టుంది."

ఆయన మంచం మీద కూర్చుని పొట్ట నిమురుకుంటున్నాడు. పొట్ట గాలితో బిగుసుకుపోయింది. మాస్కు పట్టీలు ఆనుకోవడానికి ముందులా బుగ్గలు లేవు. బిగిస్తే ముక్కు దగ్గర గాలి కారుతుంది, వదులు చేస్తే మాస్కే జారిపోతుంది.

"మెషీనాయన తగ్గిస్తానన్నాడుగా?"

"వాడి చేతిలో ఏముంది? పెద్ద డాక్టరు సరేననాలట. ఆయన సెలవులో ఉన్నాడట. వచ్చాక చూస్తాడట. నేను ముట్టుకుందామంటే తాళం వేసి పెట్టారట. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననూ తిననివ్వదు."

మెషీను డిపోది. నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్న డ్రైవర్లకి డిపోయే ఇస్తుంది. రోజూ నాలుగు గంటలు తగ్గకుండా అది పెట్టుకుని నిద్రపోవాలి. పెట్టుకున్నదీ లేనిదీ మెషీనే ఎప్పటికప్పుడు డిపోకి చేరవేస్తుంది. మనింట్లో తిని పక్కింట్లో చాడీలు చెప్పే రకం ఇది అని అత్తగారు దానికి దూరంగా నడుస్తుంది. బరువు తగ్గమని చెప్పిందీ ఆ డిపోయే. నోరు కట్టుకుని, బస్సు ఆగిన చోటల్లా దిగి దాని చుట్టూ గిరగిరా తిరిగి తగ్గాడు. మెచ్చుకుని ఫోటో తీసి గోడకి పెట్టారు. ఇప్పుడదే గోడ పక్కన నిలబెట్టి, గంటలు నిండడం లేదేమని నిలదీస్తున్నారు.

"ఇంకో వారం చూస్తాడట మేనేజరు. నిండకపోతే స్టీరింగు దించేసి బస్సులు కడగడానికి వేస్తాడట. లావుగా ఉండి, సిగ్నల్ దగ్గర కునుకు తీసినన్నాళ్లూ నేను మంచి డ్రైవర్నే. ఇప్పుడు ఒళ్లు తగ్గి, కళ్లు తెరిచి నడుపుతున్నానా, ఇప్పుడు పనికిరాను."

మాటలు ఆపి భార్యకేసి చూశాడు. ఆ చూపు ఆవిడకి నచ్చలేదు. ఏదో సామాను ఎక్కడ సర్దితే పడుతుందా అని చూసే చూపు అది.

"నువ్వు పెట్టుకో."

"ఏమిటీ?"

"దానికి కావలసింది ఊపిరి. ఎవరి ఊపిరైతే ఏం, అది ముఖాలు గుర్తుపడుతుందా? నువ్వు మధ్యాహ్నం దాకా పనిలోకి వెళ్లక్కర్లేదుగా. మెషీనాయన వచ్చేదాకా ఈ నాలుగు రోజులూ నువ్వు పడుకో. నిద్రపోవడం నీకు వెన్నతో పెట్టిన విద్యే కదా."

వసారాలో కూర్చున్న అత్తగారికి అంతా వినబడింది. "బావుంది! ఇన్నాళ్లకి దాని నిద్ర ఒక పనికొచ్చింది" అంది.

కునుకమ్మ మాస్కుని సబ్బుతో కడిగి, గుడ్డతో తుడిచి, మెషీను నీళ్ల డబ్బా నింపి మంచమెక్కింది. ఆయన పట్టీలు వదులు చేసి ఆమె తలకి తగిలించాడు. ఆమె బుగ్గలు నిండుగా ఉంటాయి, మాస్కు చక్కగా కూర్చుంది. ఆయన మీట నొక్కాడు. గాలి ఒక్కసారిగా ముక్కులోకి దూసుకొచ్చింది. ఆమె హడలిపోయి ఆయన చెయ్యి పట్టుకుంది.

"నోరు మూసుకో. ముక్కుతోనే. దానితో పోట్లాడకు, అదే అలవాటవుతుంది" అని చెప్పి, చాప తీసుకుని ఆయన పక్కగదిలోకి వెళ్లిపోయాడు.

కళ్లు మూసుకుంది. పొయ్యి మీద పెట్టిన గిన్నె గుర్తొచ్చింది. అత్తగారు దించుతుందా, మాడనిస్తుందా అనుకుంటోంది. అంతే.

లేచేసరికి కిటికీ దుప్పటి అంచుల్లోంచి ఎండ నేల మీద పడి ఉంది. ఆమె కదలకుండా అలాగే పడుకుని ఉంది. ఏదో తక్కువైంది. ఏమిటో చాలాసేపు అర్థం కాలేదు. తలనొప్పి లేదు. రోజూ నిద్రలేచేటప్పుడు నుదుటి వెనక ఒక రాయి ఉంటుంది. ముఖం కడుక్కున్నా, టీ తాగినా కదలని ఆ రాయి మనుషులందరికీ ఉంటుందనుకుంది ఇన్నాళ్లూ. నిద్రలో ఎవరో గొంతు మీద కూర్చున్నట్టయి ఉలిక్కిపడి లేవడం కూడా అందరికీ మామూలేననుకుంది. నాలుక ఆరిపోలేదు. గుండె దడదడలాడలేదు. ఒళ్లంతా తేలిగ్గా, ఎవరో ఉతికి ఆరేసినట్టుంది.

ఆమెకి ఏడుపొచ్చింది. ఎందుకో తెలియలేదు. మాస్కు తీసి లేచి, ముఖం కడుక్కుని వచ్చేసరికి, "నాలుగు గంటలే, నాలుగు గంటలు! నిద్రా అది, తపస్సా?" అంది అత్తగారు.

లాండ్రీలో ఆమె పని రోలరు దగ్గర. పెద్ద హోటళ్ల దుప్పట్లు ఉతికి, పిండి, బళ్ల మీద గుట్టలుగా తెచ్చి పోస్తారు. ఇద్దరాడవాళ్లు చెరో పక్కా నిలబడి తడి దుప్పటి కొసలు వెతికి పట్టుకుని, ఒక్క విదుపు విదిలించి, అంచు తిన్నగా చేసి రోలరు నోటికి అందించాలి. రోలరు ముందు గీసిన ఎర్రగీత దాటకముందే చేతులు వెనక్కి తీసుకోవాలి. రోలరు లోపల నిప్పులా కాలుతుంటుంది. అవతలి వైపు దుప్పటి ఇస్త్రీ అయి పెళపెళలాడుతూ బయటికొస్తుంది. దుప్పటి వెనక దుప్పటి. చూపు ఒకే చోట, చేతులది ఒకే పని. ఆవిరి, వేడి, ఒకే రొద. నిద్ర రాని వాళ్లకి కూడా అక్కడ జోల పాడినట్టుంటుంది. ఇక కునుకమ్మ సంగతి చెప్పేదేముంది?

ఆమె జతగత్తెని అందరూ వదినా అంటారు. ఎవరికి ఎవరు వదినో ఎవరికీ తెలియదు. కునుకమ్మ తల వాలినప్పుడల్లా వదిన దుప్పటిని తనవైపు ఒక్క గుంజు గుంజుతుంది. ఆ గుంజుడుకి ఈమె మేలుకుంటుంది. మేస్త్రీ కంట పడకుండా ఏళ్ల తరబడి అలాగే నెట్టుకొస్తున్నారు.

ఆ రోజు వదిన ఒక్కసారి కూడా గుంజలేదు. టీ వేళకి అనుమానంగా చూసింది.

"ఏంటే, ఇవాళ ఒక్కసారి కూడా తూలలేదు? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగుంది వదినా. బాగుండడమే కొత్తగా ఉంది."

జరిగింది చెప్పింది. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది.

"అయితే నీది బద్ధకం కాదన్నమాట. జబ్బు."

ఆ మాట విని కునుకమ్మ టీ గ్లాసు కింద పెట్టేసింది. ఒక మనిషిని బద్ధకస్తురాలని ఏళ్లకేళ్లు తిట్టి, ఆ మనిషి చేత కూడా అవునని ఒప్పించి, ఇప్పుడు కాదంటే ఎవరి మీద పడి ఏడవాలి? మొగుడి గురక జబ్బయింది. దానికి డాక్టరొచ్చాడు, మెషీనొచ్చింది. పెళ్లాం గురక సిగ్గులేనితనమైంది. "ఆడదానివై ఉండి ఆ గురకేమిటే" అని అత్తగారు అన్నప్పుడల్లా ఆమె పక్కకి తిరిగి, దిండులో ముఖం దాచుకుని, ఇంకా ఊపిరాడక చచ్చింది.

ఆ తర్వాతి రోజుల్లో ఆమె పిలవకుండానే మంచమెక్కింది. పొద్దున్నే వంట ముగించి, మాస్కు కడిగి సిద్ధంగా ఉండేది. ఆయన పక్కగదిలో చాప మీద హాయిగా, చప్పుడు లేకుండా నిద్రపోయేవాడు. డిపో నుంచి మళ్లీ ఫోను రాలేదు. మేనేజరు ఆయన్ని చూసి తలాడించాడట. రోలరు దగ్గర ఆమె చేతులు ఎంత చురుగ్గా ఆడాయంటే, వదినే వెనకబడి "మెల్లగా, తల్లీ, మెల్లగా" అంది.

వారం చివర మెషీనాయన ఇంటికొచ్చాడు. పెద్ద డాక్టరు సరేనన్నాడట. కుర్చీలో కూర్చుని, ఫోను తెరిచి, కనుబొమలు పైకెత్తాడు.

"ఏంటి డ్రైవరుగారూ, ఇంత బాగా నడుస్తుంటే తగ్గించమంటారేంటి? ఈ వారం చూడండి. గంటలు నిండాయి, గాలి కారలేదు, ఊపిరి ఆగడం దాదాపు లేదు. పద్నాలుగు మీకు కొలిచి కుట్టినట్టు సరిపోయింది."

డ్రైవరు కక్కలేక మింగలేక కూర్చున్నాడు. "పొట్ట ఉబ్బుతోందండీ."

"ఉబ్బితే ఇంతసేపు ఎలా నిద్రపోయారు?"

"ఏదో... ఓర్చుకుని."

"ఓర్చుకుంటే నిద్రెలా వస్తుందండీ? సరే, పెట్టుకోండి చూద్దాం."

మాస్కు పెట్టుకుని మీట నొక్కగానే డ్రైవరు పెదాలు జెండాల్లా కొట్టుకున్నాయి. ముక్కు పక్కనుంచి గాలి సుయ్యిమని కారి కళ్లలోకి కొట్టింది. మెషీనాయన ఫోనుకేసీ ముఖంకేసీ మార్చి మార్చి చూశాడు. "ముఖం వద్దంటోంది, లెక్క బాగుందంటోంది" అని గొణుక్కున్నాడు.

అప్పుడే కునుకమ్మ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. మెషీనాయన గ్లాసు అందుకోబోయి ఆమె బుగ్గలకేసి చూస్తూ ఆగిపోయాడు. పట్టీల గీతలు పొద్దుటివి, ఇంకా పోలేదు. చెంప నుంచి చెవి దాకా ఎర్రగా, తిన్నగా. ఆయన గ్లాసు తీసుకుని నీళ్లన్నీ తాగాడు. "చల్లగా ఉన్నాయమ్మా" అన్నాడు. మెషీను మీదికి వంగి, రెండు మీటలు కలిపి పట్టుకుని, తాళం తీసి, గాలిని తొమ్మిదికి దించాడు. డ్రైవరు మళ్లీ పెట్టుకున్నాడు. చప్పుడు లేదు. కళ్లు మూసుకుని బొటనవేలు పైకెత్తి చూపించాడు.

ఆమె అక్కడే నిలబడి ఉంది.

"ఈ జబ్బు ఆడవాళ్లకి కూడా వస్తుందాండీ?"

"గొంతున్న వాళ్లందరికీ వస్తుందమ్మా."

"మరి ఆడవాళ్లకి మెషీను ఎవరిస్తారు?"

ఆయన సంచి సర్దుకుంటూ అన్నాడు. "డిపో డ్రైవర్లకే ఇస్తుందమ్మా. వాళ్లు కునుకు తీస్తే బస్సు నిండా జనం ఉంటారు కదా. మిగతా వాళ్లు పెద్దాసుపత్రిలో పేరు రాయించుకోవాలి. పిలుస్తారు. కాస్త ఆలస్యమవుతుంది."

"ఎంత ఆలస్యం?"

"చాలానే."

మెషీనాయన వెళ్లాక డ్రైవరు ఉత్సాహంగా చేతులు రుద్దుకున్నాడు. "హమ్మయ్య! ఇక నీకా బాధ లేదు" అన్నాడు. ఎంతో ప్రేమగానే అన్నాడు.

"ఏమండీ, రాత్రిళ్లు మీరు డ్యూటీలో ఉంటారు. అది ఊరికేగా ఉంటుంది. గాలి మళ్లీ పెంచమని అడిగి, నేను..."

"నీకేమైనా మతిపోయిందా? నేను రాత్రి బస్సు నడుపుతుంటే, అదే టైముకి నేను ఇంట్లో నిద్రపోతున్నానని డిపోకి కబురు వెళ్తుంది. అప్పుడు చూడు తమాషా!"

అది నిజమే. మర్నాడు మధ్యాహ్నం ఆయన లేచాక, తను పనికి వెళ్లేలోపు ఒక గంట దొరికితే మాస్కు పెట్టుకుని పడుకుంది. తొమ్మిది మీద గాలి ఆమెకి ఊదినట్టే లేదు. పూడుకున్న గొంతు దగ్గరికొచ్చి, తలుపు తట్టి వెళ్లిపోయినట్టుంది. ఎప్పటిలాగే ఎగశ్వాసతో లేచి కూర్చుంది. రాయి మళ్లీ నుదుటి వెనకే ఉంది. ముందు అది ఉందని తెలియదు కాబట్టి మోసింది. ఇప్పుడు తెలుసు, మొయ్యడం కష్టమైంది.

ఇంకో రెండు రోజులకి లాండ్రీలో అది జరిగింది. సాయంత్రం, ఆవిరి దట్టంగా ఉన్న వేళ. దుప్పటి అంచు రోలరు నోటికి అందించి, చెయ్యి వెనక్కి తీసుకోవాలన్నది తెలుస్తూనే ఉంది, చెయ్యి వినడం లేదు. తల వాలింది. వదిన ఎప్పటిలా గుంజింది. అప్పటికే ఆమె వేళ్లు గీత దాటాయి. వదిన దుప్పటి వదిలేసి, అడ్డంగా వంగి, ఆమె మణికట్టు పట్టి లాగింది. లాగిన ఊపుకి వదిన చెయ్యి రోలరుకి తగిలింది.

వదిన అరవలేదు. పళ్ల మధ్య నుంచి గాలి పీల్చింది. చేతి వెనక చర్మం అరచేతి వెడల్పున తెల్లగా అయి, తర్వాత ఎర్రబడింది. నీళ్ల కుళాయి కింద పెట్టి నిలబడ్డారిద్దరూ. మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరిది తప్పు?"

"నాదే" అంది వదిన. "కాలు జారింది."

మేస్త్రీ తిట్టి వెళ్లాడు. నీళ్ల చప్పుడులో వదిన, కునుకమ్మ చెవి దగ్గరగా వంగి అంది. "నేను కోప్పడడం లేదు. కానీ నాకూ ఇద్దరు పిల్లలున్నారే. ఇక ఈ చేత్తో నిన్ను లాగలేను. ఏదో ఒకటి చేసుకో."

మర్నాడు మొగుడూపెళ్లాలిద్దరికీ సెలవు. ఆయన మధ్యాహ్నానికి లేచి, భోంచేసి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ అద్దంలో తనని తాను చూసుకుంటున్నాడు. అత్తగారు పక్కింట్లో కబుర్లకి వెళ్లింది. కునుకమ్మ మొత్తం చెప్పింది. రాయి సంగతి, గొంతు సంగతి, వదిన చెయ్యి సంగతి.

"మెషీనాయనకి నిజం చెప్పండి. ఆ వారం నిద్ర నాదని. ఆ లెక్క చూస్తే నాకు జబ్బుందని వాళ్లకే తెలుస్తుంది. పెద్దాసుపత్రిలో త్వరగా పిలుస్తారేమో."

ఆయన గుండీ దగ్గర ఆగాడు. "చెబితే నన్ను దించేస్తారే."

"దించితే బస్సులు కడుగుతారు. కొన్నాళ్లు. చచ్చిపోరుగా."

"ఇంత కడుపు మాడ్చుకుని, చివరికి గొట్టం పట్టుకుని బస్సులు కడగనా? నా ఫోటో ఉన్న గోడ పక్కనే?" అన్నాడు. ఆమెకి జాలేసింది. అబద్ధమెందుకు, నిజంగానే జాలేసింది. ఆయన దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "మెషీనెందుకు, నేను లేనా? ఇప్పుడు పడుకో. పక్కనే కూర్చుంటా. ఊపిరి ఆగినప్పుడల్లా తట్టి లేపుతా. సెలవు రోజున ఒక్క పూట నిద్ర పోగొట్టుకోలేనా నీకోసం?"

ఆ మాటకి ఆమె కరిగింది. ఎన్నేళ్లకో విన్న మాట. మంచమెక్కి పక్కకి తిరిగి పడుకుంది. ఆయన గోడకి కుర్చీ జరుపుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, పరీక్ష హాల్లో కాపలా కూర్చున్న పంతులులా తిన్నగా కూర్చున్నాడు.

"నిద్రపోరుగా?"

"ఛ, ఛ. నువ్వు పడుకో."

గొంతు మీద ఎవరో కూర్చున్నారు. లేవడం లేదు. ఆమె కాళ్లు కొట్టుకుంది, ఎవర్నో పిలిచింది, పిలుపు లోపలే ఉండిపోయింది. చివరికి పెద్ద శబ్దంతో ఊపిరి లోపలికి ఈడ్చుకుని లేచి కూర్చుంది. ఒళ్లంతా చెమట. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. మంచం పట్టె పట్టుకుని ఊపిరి తీసింది, వదిలింది, మళ్లీ తీసింది.

ఆయన కుర్చీలో నిద్రపోతున్నాడు. తల గోడకి ఆనించి, నోరు మూసుకుని, ఛాతీ నెమ్మదిగా లేస్తూ దిగుతూ. గురక లేదు. మాస్కూ లేదు. అంత మంచి నిద్ర ఆమె ఎవరిదీ చూడలేదు.

లేపుదామని చెయ్యి చాచింది. లేపితే ఏమవుతుందో తెలుసు. "అరరే, ఒక్క నిమిషం కునుకు పట్టింది" అంటాడు. తనూ నవ్వేసి ఊరుకుంటుంది. సాయంత్రం టీ పెడుతుంది. రేపు రోలరు దగ్గర, కట్టు కట్టిన చేతితో వదిన నిలబడి ఉంటుంది.

చెయ్యి వెనక్కి తీసుకుని, కిటికీ గట్టు మీదున్న ఆయన ఫోను తీసుకుంది. మెషీనాయన నంబరు పైనే ఉంది. వసారాలోకి వెళ్లి నొక్కింది.

"చెప్పండి డ్రైవరుగారూ. తొమ్మిది బాగుందా?"

"నేను ఆయన భార్యనండీ." గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "ఆ వారం పద్నాలుగు మీద నిద్రపోయింది నేను."

"అమ్మా, ఆ రోజే మీ బుగ్గలు చూశాను. చూడనట్టు ఊరుకున్నా. ఇప్పుడు మీరు నోటితో చెబితే నేను రాయక తప్పదు. రాస్తే ఆయన బస్సు దిగాల్సొస్తుంది. మీకు మెషీను వస్తుందని కూడా నేను మాటివ్వలేను. కావాలంటే మీరేమీ చెప్పనట్టే అనుకుంటా. ఒకసారి ఆలోచించుకోండి."

తలుపులోంచి ఆయన కనిపిస్తున్నాడు. నిద్రలో చిన్నగా పెదవి చప్పరించి, తల అటు తిప్పుకున్నాడు.

"ఆలోచించానండీ" అంది. "రాయండి."